కతోలిక బడిలో పండుగల బొమ్మలు: జూన్ నుంచి పాస్కా దాకా ఏ తరగతి చేత ఏం చేయించాలి

కతోలిక బడిలో డ్రాయింగ్ చెప్పేవారికి రెండు క్యాలెండర్లు ఉంటాయి. ఒకటి శ్రీసభది, అంటే కతోలిక చర్చిది: ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు), క్రిస్మస్, తపస్సు కాలం (పాస్కాకు ముందు నలభై రోజులు), పాస్కా (ఈస్టర్), మిగతా నెలలంతా సామాన్య కాలం. రెండోది మన వాతావరణానిది: జూన్ నుంచి అక్టోబర్ దాకా వాన, డిసెంబర్‌లో రాత్రి మంచు, మార్చి నుంచి ఎండ. మొదటిదాన్ని చూసి పని ఎంచుకుని రెండోదాన్ని మరిచిపోతే ఆగస్టులో చేసిన కాగితం గుజ్జు బొమ్మకు బూజు పడుతుంది. డిసెంబర్‌లో కట్టిన నక్షత్రం కాగితం మంచుకు తడిసి ఊడిపోతుంది. మార్చిలో అల్మరాలో నిలబెట్టిన కొవ్వొత్తి వంగిపోతుంది. ఏ పని ఎప్పుడు ఆరుతుందో ముందు తేల్చుకోండి, ఏ పండుగకు ఏం చేయాలన్నది ఆ తర్వాత.

ఇంకో మాట. తరగతికో వేరే పని ఇస్తే పన్నెండు చిన్న వస్తువులు వస్తాయి, ఏదీ కళ్ళకు ఆనదు. బడి మొత్తానికి ఒకే పెద్ద పని పెట్టుకుని, అందులో ఏ చేతికి తగ్గ భాగం ఆ చేతికి ఇవ్వండి. ఎల్‌కేజీ నుంచి రెండు దాకా పిల్లలు చల్లగలరు, అంటించగలరు, వేలిముద్ర వేయగలరు. మూడు నుంచి అయిదు దాకా కత్తెర, మడత, రంగు. ఆరు, ఏడు తరగతుల వాళ్ళ చేతులకు ముడి వేసే బలం, అల్లే ఓపిక వస్తాయి. ఎనిమిది, తొమ్మిది వాళ్ళకు కొలత, చట్రం, మట్టి. పదో తరగతికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు కాబట్టి జనవరి దాటాక వాళ్ళను లెక్కలో వేసుకోవద్దు. వాళ్ళ పనంతా క్రిస్మస్‌లోపే ఉండాలి.

మన కతోలిక బళ్ళలో చదివే పిల్లల్లో చాలామంది క్రైస్తవులు కారు. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు పొందిన లేదా ప్రభుత్వ సాయం అందుకునే విద్యాసంస్థల్లో మతబోధలో పాల్గొనమని ఎవరినీ వాళ్ళ సమ్మతి లేకుండా బలవంతం చేయకూడదు. మైనర్లైతే ఆ సమ్మతి సంరక్షకులది. కాబట్టి ప్రతి పనిలోనూ మొక్కులతో, ప్రార్థనలతో సంబంధం లేని భాగం ఒకటి ఉంచండి: క్రిస్మస్ పాకకు (యేసు పుట్టిన పశువుల పాక నమూనాకు) మొలకలు, గొర్రెలు, గడ్డి, నక్షత్రం చట్రం. ఏ పిల్లా పక్కన కూర్చోవలసిన అవసరం రాదు.

తేదీల లెక్క

కొన్ని పండుగలు కదలవు: ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణ పండుగ, సెప్టెంబర్ 8 మరియమాత జన్మదినం, నవంబర్ 1 సకల పునీతుల పండుగ, ఫిబ్రవరి 11 లూర్దు మాత పండుగ. కదిలేవి ఏటా జూన్‌లోనే రాసి గోడకు అంటించండి. ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. 2026లో మొదటి ఆదివారం నవంబర్ 29న పడుతుంది. పాస్కా 2027లో మార్చి 28న. అంటే తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 10న, పాస్కాకు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం మార్చి 21న. విజయవాడ గుణదలలోని లూర్దు మాత ఉత్సవాలు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి కనుక ఆ ఏడు విభూది బుధవారం సరిగ్గా మధ్యలో పడుతోంది. లూర్దు మాత గుహ అలంకరణకూ తపస్సు కాలపు పనికీ ఒకే వారంలో చేతులు కావాలి. ఇలాంటి ఇరుకులు ముందే కనబడితే ఒకదాన్ని జనవరికి జరుపుకోవచ్చు.

వానాకాలం: తడి తక్కువ, మైనం ఎక్కువ

జూన్ తిరుహృదయ మాసం. బడి తెరిచిన కొత్త, బయట ముసురు. ఈ నెలల్లో కాగితం గుజ్జు, మట్టి, మందంగా పోస్టర్ కలర్లు వేసే పనులు పెట్టుకోవద్దు. ఒకటి, రెండు తరగతులకు మైనం రంగుల పని బాగా నడుస్తుంది. డ్రాయింగ్ షీటు మీద తెల్ల, పసుపు క్రేయాన్‌తో గట్టిగా నొక్కి హృదయం, దాని చుట్టూ కిరణాలు గీయించి, పైన పల్చటి ఎర్ర వాటర్ కలర్ ఒక్కసారి పూయించాలి. మైనం ఉన్నచోట నీళ్ళు నిలవవు, గీత మెరుస్తూ పైకి తేలుతుంది. గీత రాకపోతే కారణాలు రెండే: క్రేయాన్ మెల్లగా రాశారు, లేదా రంగు చిక్కగా కలిపారు. ఒక చెంచా రంగుకు అరగ్లాసు నీళ్ళు ఉండాలి.

ఆగస్టు 15 మనకు రెండు పండుగలు, మోక్షారోపణ, స్వాతంత్ర్య దినం. జెండాలు ఎలాగూ చేస్తారు. మరియమాత కోసం నీలం, తెలుపు కాగితపు పూలదండ చాలు, ఆ వారం దానికి మించి బరువు పెట్టొద్దు.

అక్టోబర్: జపమాల

జపమాలలో 59 పూసలు: మంగళవార్త జపానికి 53, పరలోక జపానికి 6. ఈ లెక్క తప్పి కట్టిన మాల ఎవరూ వాడుకోలేరు, కాబట్టి పని మొదలుపెట్టేముందు బోర్డు మీద బొమ్మ వేయండి: సిలువ, ఒక పెద్ద పూస, మూడు చిన్నవి, ఒక పెద్దది, పతకం, ఆపైన పదేసి చిన్న పూసల అయిదు గుత్తులు, వాటి మధ్య నాలుగు పెద్దవి.

ఎల్‌కేజీ, యూకేజీ వాళ్ళ చేతికి పూసలు ఇవ్వొద్దు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. వాళ్ళకు చార్టు మీద పెన్సిల్‌తో మాల గీసి, స్టాంప్ ప్యాడ్‌తో 53 నీలం వేలిముద్రలు, 6 ఎర్ర బొటనవేలి ముద్రలు వేయించండి. తరగతిలో ప్రతి పిల్లకూ ఒకటో రెండో ముద్రలు వస్తాయి. లెక్కపెడుతూ వేస్తే అంకెలూ వస్తాయి.

అయిదు, ఆరు తరగతులకు కాగితం పూసలు. పాత మ్యాగజైన్ల నున్నటి కాగితం తీసుకోండి, న్యూస్‌ప్రింట్ వదులవుతుంది. పొడవు 29 సెంటీమీటర్లు, ఒక చివర వెడల్పు 2 సెంటీమీటర్లు, రెండో చివర మొనదేలిన త్రికోణపు పట్టీలు కత్తిరించాలి. ఒకదాని పక్కన ఒకటి తిరగేసి గీస్తే ఒక ఏ4 సైజు కాగితం నుంచి సుమారు 20 పట్టీలు వస్తాయి. తలా ఒక గుత్తి చేయించండి, అంటే పది చిన్నవి, ఒక పెద్దది. నలభై మంది తరగతికి 440 పూసలు, పెద్ద పూసకు రెండు పట్టీలు కాబట్టి 480 పట్టీలు, 24 కాగితాలు. పాడయ్యేవాటితో కలిపి 28 పెట్టుకోండి. వెడల్పు చివర నుంచి చీపురుపుల్ల మీద బిగించి చుట్టి, చివరి 5 సెంటీమీటర్లకే ఫెవికాల్ రాయాలి. మొదటి నుంచీ జిగురు రాస్తే పూస పుల్లకే అంటుకుపోతుంది. పెద్ద పూసకు రెండు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి చుట్టాలి. అక్టోబర్‌లో ఇంకా గాలిలో చెమ్మ ఉంటుంది కాబట్టి చుట్టిన రోజే దారానికి ఎక్కించొద్దు. రెండు రోజులు ఆరనిచ్చి, పైన పల్చటి ఫెవికాల్ ఒక పూత వేసి, మరో రోజు ఆరాక దబ్బనంతో నైలాన్ దారం ఎక్కించండి.

ఒక హెచ్చరిక. ఎర్రగా నల్లమచ్చతో అందంగా ఉంటాయని పిల్లలు గురివింద గింజలు తెస్తారు. అవి విషం. గింజకు రంధ్రం చేసినప్పుడు, కొరికినప్పుడు లోపలి విషం బయటికి వస్తుంది. ఆ గింజలు బడి గేటు దాటి లోపలికి రాకూడదు.

నవంబర్: కిటికీల మీద పునీతులు

సకల పునీతుల పండుగకు ఆరు, ఏడు తరగతుల వాళ్ళు కిటికీ అద్దాలకు రంగుల పలకలు చేయవచ్చు. ముఖాలు వేయించొద్దు. ఈ వయసులో ముఖం దిద్దడం చేతకాక పిల్లలు నిరుత్సాహపడతారు, పునీతులంతా ఒకేలా కనిపిస్తారు. గుర్తులు వేయించండి: పేతురుగారికి తాళంచెవులు, యోసేపుగారికి వడ్రంగి మూలమట్టం, అంతోనిగారికి లిల్లీపువ్వు, ఫ్రాన్సిస్‌గారికి పక్షులు, చిన్న తెరేజమ్మకు గులాబీలు, మదర్ థెరిసాకు నీలం అంచు తెల్లచీర. మన దేశపు పునీతులనూ కలపండి: 2008లో పునీతురాలిగా ప్రకటించిన అల్ఫోన్సమ్మ, 2022లో ప్రకటించిన దేవసహాయం. మన దేశం నుంచి పునీతుడైన మొదటి గృహస్థుడు ఆయన. సంకెళ్ళు ఆయన గుర్తు, పిల్లలు సులువుగా గీయగలరు.

నల్ల చార్టును రెండుగా మడిచి ఒకేసారి కత్తిరిస్తే ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి అచ్చు కుదురుతాయి. మధ్యలో రంగు జిలాటిన్ కాగితం. చుట్టూ అంచు 4 సెంటీమీటర్లు, లోపలి నల్ల గీతలు కనీసం 1 సెంటీమీటరు ఉంచాలి. సన్నగా కోస్తే గీత తెగుతుంది, అంతవరకూ పడిన కష్టమంతా పోతుంది. పేపర్ కట్టర్ ఏడో తరగతికి మాత్రమే, ఒక్కొక్కరికి విడిగా, అడుగున మందపాటి అట్ట వేసి ఇవ్వండి. జిలాటిన్ కాగితానికి ఫెవికాల్ అంటితే తెల్ల మరక పడి వెలుగు ఆగిపోతుంది. గ్లూ స్టిక్ గానీ సన్న డబుల్ టేప్ గానీ వాడాలి. అసెంబ్లీ వేళకు తూర్పు కిటికీలో వెలుగు బాగుంటుంది, కానీ నేరుగా ఎండ తగిలేచోట ముందు ఎరుపు, గులాబీ వెలిసిపోతాయి. ఆగమన కాలం మొదలయ్యేనాటికి తీసి దాచండి, వచ్చే ఏడు పనికొస్తాయి.

ఆగమన కాలం, పాక, నక్షత్రం

ఏడాది మొత్తంలో ఎక్కువ రోజులు పట్టే పని ఇదే. నవంబర్ మూడో వారంలో మొదలుపెట్టకపోతే డిసెంబర్ కార్యక్రమానికి అందదు. చాలా బళ్ళలో క్రిస్మస్ వేడుక సెలవులకు ముందే జరుగుతుంది. లెక్క డిసెంబర్ 25 నుంచి కాక ఆ వేడుక రోజు నుంచి వెనక్కి వేయండి.

మూడు నుంచి అయిదు తరగతులకు ఆగమన కాలపు ఆకుల చక్రం. నాలుగు కొవ్వొత్తులు: మూడు ఊదా, ఒకటి గులాబీ రంగు. గులాబీది మూడో ఆదివారానిది. పిల్లలు వరస మరిచి నాలుగో ఆదివారం దాన్ని వెలిగిస్తారు, అంకెలు రాయించండి. చార్టు గొట్టాలు చుట్టి, పైన పసుపు కాగితం మంట వారానికొకటి అంటించడం చిన్నపిల్లల తరగతిలో నిజం మంట కన్నా మేలు. చక్రానికి మామిడాకులు వద్దు, రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోతాయి. సరుగుడు కొమ్మలు వారం దాకా పచ్చగా ఉంటాయి. వాటిని పురికొసతో అట్ట చక్రానికి కట్టి, ఆదివారానికోసారి మార్చండి.

పాకలో పచ్చదనం చిన్నపిల్లల పని. ట్రేలో మూడు సెంటీమీటర్ల మట్టి గానీ కొబ్బరిపొట్టు గానీ పరిచి గింజలు చల్లాలి. వేడుకకు మెంతులైతే ఆరు రోజుల ముందు, రాగులైతే ఎనిమిది, గోధుమలైతే పది రోజుల ముందు. వడ్లు కావాలంటే ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు తడిగుడ్డలో మూటకట్టి, మొలక కనిపించాక చల్లి పన్నెండు రోజులు ఇవ్వాలి. డిసెంబర్ చలికి మొలక నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఒక రోజు ఎక్కువే వేసుకోండి. గింజ పక్కన గింజ పడేలా ఒత్తుగా చల్లాలి, పలచగా చల్లితే బట్టతలలా కనిపిస్తుంది. స్ప్రే సీసాతో రోజుకు రెండుసార్లు తడపడం చాలు. మగ్గుతో పోస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి, నీళ్ళు నిలిచి తెల్ల బూజు వస్తుంది. మొలక పసుపుగా, సన్నగా పొడుగెక్కితే వెలుగు చాలలేదు, వరండాలోకి మార్చండి.

పాకలోని బొమ్మలు ఎనిమిది, తొమ్మిది తరగతులవి. ప్లాస్టర్ బొమ్మలు కొనేకంటే మన మక్కుతో చేయించడం ఎంతో మంచిది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కి, విడి భాగాలు అతికించడానికీ మలచడానికీ వాడేది ఈ రంపపు పొట్టు, చింతపిక్కల జిగురు కలిపిన ముద్దే. చేర్యాల మాస్కులూ ఇలాంటి ముద్దతోనే చేస్తారు. మన నేల మీది చేతిపని మన పాకలోకి వస్తుంది, ఖర్చూ తక్కువ.

చింతపిక్కల పొడి 100 గ్రాములు, నీళ్ళు 700 మిల్లీలీటర్లు. పొడిని ముందు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద ఇరవై నిమిషాలు కలియబెడుతూ ఉడికించాలి. వేడినీళ్ళలో నేరుగా వేస్తే గడ్డలు కడుతుంది, ఇక విడదు. చల్లారాక జల్లించిన మెత్తటి రంపపు పొట్టు కొద్దికొద్దిగా వేస్తూ చపాతీపిండి పదును వచ్చేదాకా పిసకాలి. సుమారు 200 నుంచి 250 గ్రాములు పడుతుంది. పొట్టు మామూలు కర్రదై ఉండాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొట్టులో రసాయన జిగురు ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వొద్దు. ముద్ద రెండో రోజుకు పులిసి వాసన వస్తుంది. ఏ రోజుకు కావలసినది ఆ రోజే చేసుకోండి.

బొమ్మకు లోపల న్యూస్‌పేపర్ చుట్ట, దాని మీద దారం గట్టిగా చుట్టాలి. దానిపైన మక్కు అరసెంటీమీటరు మందం చాలు. మొత్తం మక్కుతోనే చేస్తే లోపల ఆరదు, పైన పగులుతుంది. నీడలో, గాలి ఆడేచోట నాలుగైదు రోజులు ఆరాలి. త్వరగా అవుతుందని ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి చీలికలు వస్తాయి. చీలికలు వచ్చినా పారేయొద్దు, కాస్త పలచటి మక్కు నింపి మళ్ళీ ఆరబెట్టండి. తర్వాత సన్న గరుకు కాగితంతో రుద్ది, సుద్దపొడిలో ఫెవికాల్, నీళ్ళు కలిపి తెల్లపూత ఒకటి, అది ఆరాక పోస్టర్ కలర్లు. తెల్లపూత లేకుండా రంగు వేస్తే మక్కు పీల్చేసుకుని రంగు మసకగా అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది కొలత. నలుగురు నాలుగు బల్లల మీద చేస్తే గొర్రె కాపరి కన్నా పెద్దదవుతుంది, బాలయేసు ఒంటె కన్నా. అందరికీ ఒక కొలతపుల్ల ఇవ్వండి: నిలబడ్డ మనిషి 20 సెంటీమీటర్లు, మోకరిల్లిన మనిషి 13, తొట్టిలో శిశువు 6, నిలబడ్డ గొర్రె 9, పడుకున్న ఎద్దు 12. ఎద్దు, గాడిద ఎందుకని పిల్లలు అడుగుతారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో పునీత ఫ్రాన్సిస్‌గారు ఎండుగడ్డి తొట్టి పెట్టి, నిజం ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి క్రీస్తు జననాన్ని జ్ఞాపకం చేసుకున్నారని చెప్పండి. ముగ్గురు జ్ఞానులను పాకలో మొదటిరోజే నిలబెట్టొద్దు, దూరంగా ఒక గట్టు మీద ఉంచి వాళ్ళ పండుగనాటికి దగ్గరకు తేవాలి. శిశువును తొట్టిలో ఉంచేది క్రిస్మస్ రాత్రే. బడి వేడుక ముందే కాబట్టి ఆ రోజుకు పెట్టి, మళ్ళీ తీసి ఫాదర్‌గారికో సిస్టర్లకో అప్పగిస్తే సరిపోతుంది.

నక్షత్రం తొమ్మిది, పది తరగతులది. తీరిగ్గా కొలిస్తే ఇది లెక్కల క్లాసు కూడా. వెదురుబద్దలు 90 సెంటీమీటర్లవి పది, 15 సెంటీమీటర్లవి అయిదు కావాలి. పచ్చి వెదురు ఎండేకొద్దీ సన్నబడి ముడులు వదులవుతాయి, రెండు వారాల ముందే తెప్పించి నీడలో ఆరబెట్టండి. అంచులు గరుకు కాగితంతో రుద్దకపోతే వేళ్ళలో పేళ్ళు దిగుతాయి.

అయిదు పెద్ద బద్దలతో ఒక నక్షత్రం, మిగతా అయిదుతో ఇంకోటి. ప్రతి బద్దకూ రెండు చివరల నుంచి 2 సెంటీమీటర్ల లోపల ఒక గుర్తు, 35 సెంటీమీటర్ల దగ్గర ఇంకో గుర్తు పెట్టాలి. 2 దగ్గర మొనలు కలుస్తాయి, 35 దగ్గర బద్దలు ఒకదానినొకటి దాటుతాయి. మధ్యలో 20 సెంటీమీటర్లు మిగులుతుంది, లోపలి పంచకోణపు భుజం అదే. గుర్తులు లేకుండా కంటితో సర్దితే ఒక మొన పొడుగు, ఒకటి పొట్టి అవుతుంది. బద్దలను ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోనిస్తూ అల్లితే చట్రం దానంతటదే బిగుసుకుంటుంది. మొనలు అయిదూ బైండింగ్ వైరుతో, దాటే చోట్లు పురికొసతో కట్టండి. రెండు నక్షత్రాలను ఒకదాని మీద ఒకటి పెట్టి మొనలు కలిపి కట్టి, లోపలి అయిదు కూడళ్ళ దగ్గర రెండింటి మధ్య పొట్టి బద్దలు నిలబెడితే చట్రం ఉబ్బుతుంది. ఒక్కో పొట్టి బద్ద పెట్టిన వెంటనే రెండు కొసలా కట్టేయాలి, లేకపోతే తర్వాతది పెట్టేలోపు మొదటిది ఎగిరిపోతుంది. వైరు కొసలు లోపలికి వంచండి, కాగితం చీలేది అక్కడే.

కాగితం అంటించడానికి మైదా జిగురు. 100 గ్రాముల మైదా 150 మిల్లీలీటర్ల చల్లనీళ్ళలో కలిపి, మరుగుతున్న 450 మిల్లీలీటర్ల నీళ్ళలో పోసి, మూడు నాలుగు నిమిషాలు తిప్పితే చాలు. పురుగు పట్టకుండా వాల్‌పోస్టర్ల వాళ్ళు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, బడిలో వద్దు. నక్షత్రం రాత్రంతా బయట ఉండాలి కనుక నాలుగు పాళ్ళ మైదా జిగురుకు ఒక పాలు ఫెవికాల్ కలపండి, మంచుకు అంత త్వరగా వదలదు. గాలిపటాల కాగితం వెలుగులో అందంగా ఉంటుంది కానీ తడిస్తే చిరుగుతుంది. వరండాలో కట్టేదానికి అది, చెట్టుకో మేడ మీదో కట్టేదానికి జిలాటిన్ కాగితం వాడండి. లోపల 5 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటే. పాత వేడి బల్బు వద్దు, కాగితం అంటుకుంటుంది. బల్బు మార్చడానికి కింద ఒక వైపు కాగితం అంటించకుండా వదలాలి. వైరు అతుకులు బయట తడవకుండా చూడటం, కరెంటు కలపడం పెద్దవాళ్ళ పని.

ఫిబ్రవరి: గుహ

పాక విప్పినప్పుడు కొండలా నలిపిన బ్రౌన్ పేపర్ పారేయొద్దు. లూర్దు మాత గుహకు అదే పనికొస్తుంది. ఏడో తరగతి వాళ్ళు దాన్ని మైదా జిగురులో తడిపి, అట్టపెట్టెల గుట్ట మీద కప్పి, ఆరాక బూడిదరంగు, పాచిరంగు స్పాంజితో అద్దితే రాయిలా కనిపిస్తుంది. కుంచెతో పూస్తే రంగు మడతల్లోకి కూడా పోయి అంతా చదునుగా అనిపిస్తుంది. మరియమాత బొమ్మ విషయంలో ఒక జాగ్రత్త. మన పిల్లలకు మాత అనగానే నీలంచీర గుర్తొస్తుంది. 1858లో బెర్నదెత్తమ్మ చెప్పిన రూపం తెల్లని దుస్తులు, తెల్ల ముసుగు, నీలపు నడికట్టు, ఒక్కో పాదం మీద ఒక పసుపు గులాబీ, చేతిలో జపమాల. అక్టోబర్‌లో చేసిన కాగితం పూసల మాల ఇక్కడ పెట్టండి.

తపస్సు కాలం

విభూది బుధవారం ముందురోజు రెండు, మూడు తరగతుల పిల్లలు రంగుల్లో ‘అల్లెలూయా’ అని అక్షరాలు రాసి పెట్టెలో పెట్టి మూయాలి. పాస్కా దాకా పూజలో ఆ మాట వినబడదు. పండుగ తర్వాత పెట్టె తెరిచి గోడకు కడితే ఎందుకు మూశామో చిన్నవాళ్ళకూ అర్థమవుతుంది. ఈ నలభై రోజులు బోర్డు మీద పూలు, మెరుపు కాగితాలు తీసేసి ఊదా గుడ్డ ఒకటే ఉంచండి.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు సిలువ మార్గం, పద్నాలుగు స్థలాలు, బొగ్గుతో. జట్టుకు ముగ్గురు చొప్పున ఒక్కో స్థలం, సగం చార్టు కాగితం. ఇక్కడా ముఖాలు వద్దు: చేతులు, పాదాలు, గుడ్డ, కర్ర మాత్రమే. వెరోనికమ్మ చాచిన గుడ్డ, సిమోను భుజం మీదికి వచ్చిన దుంగ, మూడుసార్లు నేలను తాకిన అరచేతులు. పిల్లలు తమ చేతులనే చూసి గీస్తారు, బొమ్మలో నిజం వస్తుంది. మూడు, ఏడు, తొమ్మిదో స్థలాలు మూడూ పడిపోవడమే కనుక ఒకేలా వస్తాయి. మొదటిదానిలో ఒక మోకాలు, రెండోదానిలో రెండు మోకాళ్ళు, మూడోదానిలో చేతులూ నేలపైనే అని ముందే పంచండి. మెత్తటి బొగ్గును వేలితో రుద్ది నీడ తేవచ్చు, కానీ చెమట చెయ్యి కాగితం మీద ఆనితే మరక పోదు. చెయ్యి కింద ఒక ఖాళీ కాగితం పెట్టించండి. పూర్తయ్యాక 30 సెంటీమీటర్ల దూరం నుంచి హెయిర్ స్ప్రే పల్చగా రెండుసార్లు, మధ్యలో పది నిమిషాలు ఆగి, కొట్టాలి. దగ్గర నుంచి కొడితే బొగ్గుపొడి చుక్కలుగా కారుతుంది.

మ్రానికొమ్మలు, పాస్కా

ఆకు సిలువలు ఆరు, ఏడు తరగతులవి. కొబ్బరి మొవ్వాకు ముందురోజు సాయంత్రం కోయించి తడి గోనెసంచిలో చుట్టి ఉంచండి. ముదురాకు మడత దగ్గర విరుగుతుంది. ఈనె తీసేసి, వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు ఉండే పట్టీలు తలా రెండు ఇవ్వాలి. నలభై మందికి 80, చిరిగేవాటితో 100.

మొదటి పట్టీని సగానికి మడిస్తే 20 సెంటీమీటర్ల నిలువు కమ్మి. రెండో పట్టీ కొసను నిలువు కమ్మి వెనక, పైనుంచి 7 సెంటీమీటర్ల దగ్గర పట్టుకోండి. కుడికి 6 సెంటీమీటర్లు పోనిచ్చి ముందుకు మడవాలి. ముందునుంచి ఎడమకు 12 సెంటీమీటర్లు తెచ్చి వెనక్కి మడిచి, మళ్ళీ మధ్యకు తేవాలి. అడ్డకమ్మి అయింది. మిగిలిన పట్టీని వెనకనుంచి కుడి పైమూలన ముందుకు తెచ్చి, ఎడమ కిందిమూలకు ఏటవాలుగా దించి, వెనకనుంచి కుడి కిందిమూలన పైకి తెచ్చి, ఎడమ పైమూలకు దాటించాలి. ముందు గుణకారపు గుర్తు కనిపిస్తుంది. కొసను వెనక మడతలోకి దూర్చి లాగండి. ఆకు ఎండితే సన్నబడుతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే గట్టిగా బిగించాలి.

పాస్కాకు పరీక్షలు, ఒంటిపూట బడులు అడ్డొస్తాయి. మూసిన అల్లెలూయా పెట్టె తెరవడం, తెల్ల, బంగారు రంగు కాగితాలతో బోర్డు మార్చడం చాలు. గుడ్లకు రంగు వేయాలనుకుంటే లీటరు నీళ్ళలో పది ఎర్ర ఉల్లిపాయల పొట్టు, రెండు చెంచాల వెనిగర్ వేసి అరగంట మరిగించి, వడకట్టి, ఉడికించిన గుడ్లు ముంచితే ఎరుపు కలిసిన గోధుమరంగు వస్తుంది. గుడ్డు ముట్టని ఇళ్ళ పిల్లలుంటారు, వాళ్ళకు అట్టతో కత్తిరించిన గుడ్లు ఇవ్వండి. కొవ్వొత్తి మీద సిలువ, సంవత్సరపు అంకెలు అద్దే పని ఉంటే పొద్దున్నే ముగించి, కొవ్వొత్తిని గుడ్డ మీద పడుకోబెట్టి దాచండి.

ఏప్రిల్‌లో బడి మూసేముందు బొమ్మలను న్యూస్‌పేపర్‌లో చుట్టి, వేపాకు వేసి, నేల మీద కాకుండా అల్మరా పై అరలో పెట్టండి. నక్షత్రపు చట్రం నుంచి కాగితం చింపేస్తే చట్రం మూడు నాలుగేళ్ళు పనిచేస్తుంది. ఎండిన ఆకు సిలువలను ఒక సంచిలో కట్టి, తేదీ రాసి, వచ్చే తపస్సు కాలానికి రెండు వారాల ముందు విచారణ గురువుగారికి (మీ చర్చి ఫాదర్‌గారికి) ఇవ్వండి. విభూది చేసేది ఆ ఆకులను కాల్చే.